మూడు లీటర్ల నీళ్ళు

మెడికల్ కాలేజీ, సామాజిక వైద్య విభాగం,
వెనక గేటు పక్క గది.
జూలై

కత్తి మరదలికి,

ఫోన్ చేస్తే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. "వదినా, విషయం చెప్పు" అంటావు. నేను విషయం దగ్గరికి వచ్చేసరికి నిన్నెవరో ఆపరేషన్ థియేటర్‌లోకి పిలుస్తారు, నువ్వు పోతావు. అందుకని ఇకమీదట ఉత్తరాలే. ఉత్తరాన్ని మధ్యలో ఆపడం ఎంత గొప్ప సర్జన్‌కైనా చేతకాదు.

మేం బాగున్నాం. మీ అన్నయ్య రిటైరయ్యాక కూడా లెక్కల మాస్టారే. నేను కూర తరిగితే ముక్కలన్నీ ఒక్క సైజులో లేవని వంక పెడుతున్నారు. కత్తి చేతికిచ్చి కూచోబెట్టాను. అప్పట్నుంచి ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంది.

నా శనివారం తరగతి బ్రహ్మాండంగా నడుస్తోంది. అదేమిటో నీకు ఎన్నిసార్లు చెప్పినా నువ్వు పూర్తిగా వినలేదు కనక ఇప్పుడు చదువు. వార్డులో ఒక రోగికి డాక్టరు మందుచీటీ రాస్తాడు. నా విద్యార్థి ఆ చీటీ పట్టుకుని రోగి వెంట ఇంటికి వెళ్ళాలి. ఆ మందు ఎక్కడ పెడతారు, చెప్పిన తిండి ఆ పొయ్యి మీద వండగలరా, చెప్పిన విశ్రాంతి ఆ ఇంట్లో ఏ మూల దొరుకుతుంది, ఇవన్నీ చూడాలి. చూసి వచ్చి చీటీ మళ్ళీ రాయాలి. దాన్ని మేం రెండో చీటీ అంటాం. మార్కులు దానికే.

ఈ ఏడు రెండో సంవత్సరంలో ఒక పిల్ల ఉంది. దేన్ని చూసినా "ఎందుకు" అంటుంది. క్లాసంతా కలిసి ఎందుకమ్మాయి అని పేరు పెట్టారు. దానికి కాలర్లక్క కేసు వచ్చింది. కాలర్లక్క కుట్టు కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది, రోజంతా అదొక్కటే. తను కుట్టిన చొక్కా మొత్తంగా ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదని నవ్వుతుంది. మూత్రంలో మంటతో వచ్చింది. మందులిచ్చి, రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగమన్నారు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. అదే మందు, అవే నీళ్ళు. ఆ తరవాత నడుము పట్టుకుని వచ్చింది, కిడ్నీలో రాయి. "చెప్పినట్టు తాగితే కదా" అని డాక్టరు కసిరాడు. పక్కనున్న మా పిల్ల "ఎందుకు తాగరండీ?" అంది. ఆవిడ మాట దాటేసింది.

మా పిల్ల వదల్లేదు. ఇంటికి వెళ్ళింది. నీళ్ళు బాగానే ఉన్నాయి, ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడ బాగానే తాగుతోంది. కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళింది. లోపలికి రానివ్వలేదు, బయట నిలబడింది. సాయంత్రం గేటు తీశారో లేదో, ఆడవాళ్ళంతా రోడ్డు దాటి బస్టాండులోకి పరుగెత్తారట. బస్సుల వైపు కాదు, బాత్రూముల వైపు.

అప్పుడు కాలర్లక్క చెప్పింది. ఆ హాలుకంతటికీ ఆడవాళ్ళ బాత్రూం ఒక్కటే. దానికి తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ బల్ల మీద ఉంటుంది, ఒక చెక్క స్కేలుకు కట్టి. ఎవరు పట్టుకెళ్తున్నారో అందరికీ కనిపించాలని. వెళ్ళి అడిగితే "మళ్ళీనా?" అంటాడట, హాలంతా వినేట్టు. ఆ ఒక్క మాట పడలేక వాళ్ళు పొద్దున్నుంచి గొంతు తడుపుకోరు.

నువ్వు కిడ్నీల డాక్టరువి కదా. అలాంటి ఆడవాళ్ళకు నువ్వయితే ఏం రాస్తావు?

నీ వదిన


పెద్దాసుపత్రి, అయిదో అంతస్తు,
థియేటర్ పక్క గది.
ఆగస్టు

కాలినడక వదినకు,

ఏం రాస్తానా? మూడు లీటర్ల నీళ్ళు రాస్తాను. నీ కాలర్లక్కకే కాదు, నీళ్ళు తాగని ప్రతి మనిషికీ అదే రాస్తాను. తాగడం వాళ్ళ పని, తాగకపోతే వచ్చిన రాయి తీయడం నా పని. నేను ఇళ్ళ వెంట తిరుగుతూ కూచుంటే ఇక్కడ బల్ల మీద పడుకున్నవాడిని ఎవరు చూస్తారు?

నీ తరగతిని వెక్కిరించడం లేదు. కొంచెం వెక్కిరిస్తున్నాను, సరే. పిల్లలకు శరీరంలో ఏ నరం ఎక్కడుందో తెలియదు గానీ ఎవరింట్లో పొయ్యి ఎక్కడుందో తెలుసు. మొన్న మా దగ్గరికి వచ్చిన కొత్త డాక్టర్ని ఎడమ కిడ్నీ ముందు ఏముంటుందని అడిగితే ఆలోచించి చెప్తానన్నాడు. రోగి పొట్ట తెరిచి ఉంది వదినా, ఆలోచించడానికి అది వేళా?

ఇంకో మాట. నేను పొద్దున థియేటర్‌లోకి వెళ్తే సాయంత్రం బయటికి వస్తాను. చుక్క నీళ్ళు ముట్టను. మాతో ఉండే మగ డాక్టర్లు మధ్యలో ఒకటికి రెండుసార్లు "ఇప్పుడే వస్తాం" అని పోతారు. నేను పోను. కొత్తలో నన్ను చూసి, ఆడపిల్ల ఎంతసేపు నిలబడుతుందిలే అన్నవాళ్ళంతా ఇప్పుడు నా పక్కన కుర్చీ లాక్కుంటున్నారు. మనిషి అనుకుంటే శరీరం మాట వింటుంది. నీ కాలర్లక్కకు ఆ మాట చెప్పు.

అన్నయ్యను కూర ముక్కల దగ్గర ఇంకో వారం ఉంచు. చిన్నప్పుడు నా పెన్సిళ్ళన్నీ ఒక్క పొడుగుకు చెక్కి పెట్టేవాడు. ఇన్నాళ్ళకు బుద్ధి వస్తుంది.

మీ ప్రిన్సిపాల్ ఎలా ఉన్నారు? చదువుకునేటప్పుడు మాకు సీనియర్. అడిగానని చెప్పు.

నీ మరదలు


మెడికల్ కాలేజీ, వెనక గేటు పక్క గది.
సెప్టెంబరు

కత్తి మరదలికి,

అడిగావని మీ సీనియర్‌కు చెప్పాను. "అవును, మొన్న ఫోన్లో మాట్లాడుకున్నాం, మన పరీక్షకు బయటి ఎగ్జామినర్‌గా ఆవిడే వస్తున్నారు" అన్నారు, మొహం వెలిగిపోతుండగా. ఆ వార్త నాకు ఆయన నోట తెలియాలా? "ఎలా ఉన్నారు" అని అమాయకంగా అడిగి రాశావే, నీ నటనకు దండం.

నేనూ ఒకటి దాచాను, ఒప్పుకుంటున్నాను. బ్రహ్మాండంగా నడుస్తోందని రాశాను కదా, అది రాసే వేళకే నోటీసు నా సొరుగులో ఉంది. శనివారం తరగతిని తీసేస్తారట. తీసెయ్యాలా ఉంచాలా అన్నది బయటి ఎగ్జామినర్ రిపోర్టు చూసి తేలుస్తారట. ఆ ఎగ్జామినర్‌వి నువ్వు. ఇరవయ్యేళ్ళుగా పెంచిన తరగతి పీక ఇప్పుడు నీ చేతిలో ఉంది. నిన్ను కత్తి అని పిలిచినందుకు నాకు తగిన శాస్తే జరిగింది.

ఎందుకు తీసేస్తున్నారో కూడా విను. మా కొత్త ఆడిటోరియం కట్టించింది ఆ కుట్టు కంపెనీ యజమాని. గోడ మీద రాతిలో చెక్కిన ఆయన పేరు నా తలకాయంత ఉంటుంది. ఎందుకమ్మాయి తన రెండో చీటీని క్లాసులో చదివింది, అది ఎవరి ద్వారానో ఆయన చెవిన పడింది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి కూచోబెట్టి, టీ ఇప్పించి, "మేడమ్, ఆ ఒక్క కేసు తీసెయ్యండి. తరగతి సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. టీ తాగాను. కేసు తియ్యనన్నాను. "పోనీ కంపెనీ అని లేకుండా, ఒక మహిళ నీళ్ళు తక్కువ తాగుతోంది అని పెట్టండి" అన్నారు. ఆ మహిళకు నీళ్ళు దొరక్క కాదండీ, తాళంచెవి దొరక్క అన్నాను. ఆయన రెండో కప్పు ఇప్పించలేదు.

"నీది మొండితనం వదినా" అంటావు. అవును. నాకు ఇంకేం ఆస్తి ఉంది?

పరీక్ష ఎలా ఉంటుందో తెలుసుకుని రా. మా పరీక్షలో రోగిని తీసుకురాం. జబ్బుపడ్డ మనిషిని పిల్లల ముందు బొమ్మలా నిలబెట్టడం నాకు ఇష్టముండదు. రోగి సంగతులు నాలుగు ముక్కలు కార్డు మీద రాసి ఎగ్జామినర్‌కు ఇస్తాను. ఎగ్జామినరే రోగి కుర్చీలో కూచుని, విద్యార్థి అడిగినవాటికి రోగిలా జవాబు చెప్పాలి. అంతా విన్నాక విద్యార్థి చీటీ రాస్తాడు. నీకు నచ్చదని తెలుసు. ఆ కుర్చీ పొట్టిది కూడా.

చివరి మాట. పోయిన నెల నువ్వు నడుము పట్టుకుని నేల మీద కూచుండిపోయావట, స్కాన్ తీస్తే రాయట, ఇది రెండోదట. నాకు చెప్పొద్దని అన్నయ్య చేత ఒట్టు వేయించుకున్నావట. మీ అన్నయ్యకు లెక్క నిలుస్తుంది గానీ మాట నిలవదు, నీకు తెలియదా? శరీరం నీ మాట బాగానే వింటోంది.

నీ వదిన


పెద్దాసుపత్రి, అయిదో అంతస్తు.
అక్టోబరు

వదినకు,

రమ్మని అడిగారు, వస్తానన్నాను. నిన్ను కాదనడానికి కాదు, నేను నమ్మిందే అది. చదువుకు సంవత్సరాలు చాలడం లేదు, అందులో శనివారాలన్నీ వీధుల్లో పోతున్నాయి. నా అభిప్రాయం అదే అయినప్పుడు నీ మొహం చూసి మార్చుకోలేను. చూసింది చూసినట్టు రాస్తాను. పరీక్ష రోజు మనం వదినా మరదళ్ళం కాము. నేను లోపల ఉన్నంతసేపు నువ్వు బయట వరండాలో ఉండాలి. కబుర్లతో పిల్లలకు సాయం చేశావని రేపు ఎవరూ అనకూడదు.

నా రాయి గురించి అన్నయ్యకు చెప్పడమే నా తప్పు. చిన్నది, పోయింది. నాది పని ఒత్తిడి. నీ కంపెనీ ఆడవాళ్ళదీ నాదీ ఒకటి కాదు. నాకెవరూ తాళం వేయలేదు.

అన్నయ్య చేసే టమాటా పచ్చడి తప్ప ఇంకేం చెయ్యొద్దు. నేను తినడానికి రావడం లేదు.

మరదలు


పెద్దాసుపత్రి, అయిదో అంతస్తు.
నవంబరు

వదినకు,

మీ ఇంట్లో దిగకుండా, చెప్పకుండా, పరీక్ష అయిన సాయంత్రమే బండెక్కేశాను. పచ్చడి సీసాతో అన్నయ్య స్టేషన్ దాకా వచ్చాడు. సీసా చేతిలో పెట్టి, మూత బిగుతుగా ఉందో లేదో చూసి వెళ్ళిపోయాడు. దారి పొడుగునా నీ మీద కోపంతో పళ్ళు నూరుతూనే ఉన్నాను. ఆ కోపం ఇంకా ఉంది, ఉండగానే రాస్తున్నాను.

నువ్వు వరండాలో ఉన్నావు కనక లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. లేదా అంతా తెలిసే చేశావు. మొదటి నలుగురు పిల్లలు బాగానే చేశారు. అయిదో కార్డు తిప్పాను. నీ దస్తూరీ. "ఆడమనిషి. వయసు నలభై ఎనిమిది. పగలంతా నిలబడి చేసే పని. పని వేళ నీళ్ళు ముట్టదు. కిడ్నీలో రాయి, రెండోసారి. మిగతావి అడిగితే నీకు తెలిసిందే చెప్పు." నా గుండెల్లో రాయి పడింది, ఈసారి కిడ్నీలో కాదు. నన్ను తీసుకొచ్చి, ఒక అట్టముక్క మీద రాసి, ఆ పొట్టి కుర్చీలో కూచోబెట్టావు. కార్డు పక్కన పెట్టి ఇంకోటి తియ్యబోయాను. అప్పటికే మీ ఎందుకమ్మాయి వచ్చి ఎదురుగా కూచుంది.

బక్కగా, కళ్ళజోడు ముక్కు చివరికి జారుతూ ఉంది. నన్ను చూసి భయపడింది, అది దాచలేదు. కానీ కుర్చీలో కూచోగానే నేను ఎగ్జామినర్ని కానట్టే మాట్లాడింది.

"ఏం పని చేస్తారమ్మా?" అంది.

"నిలబడి చేసే పని. కోస్తాను, కుడతాను" అన్నాను. అబద్ధం కాదు కదా.

"ఓహో, కుట్టు పనా?" అని ఊపిరి పీల్చుకుంది. "ఎందుకు నీళ్ళు తాగరు?"

"అలవాటు లేదు."

"ఇంట్లో తాగుతారా?"

తాగుతాను. రాత్రి ఇంటికి వెళ్ళగానే చెంబెత్తి తాగుతాను. అదే చెప్పాను. పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఇంట్లో అలవాటు ఉంది, పని దగ్గర లేదు. పని దగ్గర బాత్రూం తాళం ఎవరి దగ్గరుంటుందమ్మా?"

తాళం లేదన్నాను, గట్టిగానే. "మరి ఎక్కడుంది?" అంది. రెండంతస్తుల కింద అన్నాను. వెళ్ళాలంటే పని బట్టలు మార్చుకోవాలి, వచ్చాక మళ్ళీ చేతులు రుద్ది కడుక్కోవాలి, బట్టలు వేసుకోవాలి, అంతసేపు పని ఆగదు అన్నాను. చెప్తూ ఉంటే నాకే ఏదోలా అనిపించింది వదినా. ఇన్నేళ్ళలో ఆ మాటలు నేను వరసగా పైకి అనలేదు.

"మగవాళ్ళు కూడా కిందికే వెళ్తారా?"

"వాళ్ళది పక్కనే. తలుపు తీస్తే."

ఆ పిల్ల రాసుకుంటున్నది ఆపేసింది. "మీతో పనిచేసే ఆడవాళ్ళు ఇంకా ఉన్నారా?"

"ఉన్నారు. నర్సులు చాలామంది."

"వాళ్ళెక్కడికి వెళ్తారు?"

తెలియదు అన్నాను. నా చేతికి కత్తి అందించే మనిషి, నా నుదుటి చెమట తుడిచే మనిషి, పదేళ్ళుగా నా పక్కన నిలబడ్డ మనిషి ఎక్కడికి వెళ్తుందో నాకు తెలియదు. ఎడమ కిడ్నీ ముందు ఏముంటుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

"ఇంతవరకూ ఎవరూ ఎందుకు అడగలేదమ్మా?" అంది. ఆమె చీటీ రాసి, లేచి నిలబడి, రెండు చేతులతో ఇచ్చింది. రోగులకు అలా ఇవ్వమని నువ్వే నేర్పి ఉంటావు. దాని మీద ఇలా ఉంది: "మందు: పనిచేసే అంతస్తులోనే, తాళం లేని బాత్రూం. మోతాదు: అవసరమైనప్పుడల్లా. ఎన్నాళ్ళు: ఆ పని చేసినన్నాళ్ళు. దీని తరవాతే మూడు లీటర్ల నీళ్ళు."

మార్కులు వేశాను. ఎన్నో చెప్పను. రిపోర్టు రాయలేదు. నీ మీద కోపం తగ్గాక రాస్తే అది న్యాయంగా ఉంటుంది.

మరదలు


మెడికల్ కాలేజీ, వెనక గేటు పక్క గది.
డిసెంబరు

కత్తి మరదలికి,

కోపం వచ్చిందా? రానీ. ఆ కార్డు కావాలనే పెట్టాను, వంద సార్లయినా పెడతాను. కానీ ఒక మాట నిజంగా చెప్తున్నాను, మీ థియేటర్ సంగతి నాకు తెలియదు. నువ్వు పంతానికి తాగడం లేదనుకున్నాను. పిల్ల అడిగితే నీకు నీ పంతం కనిపిస్తుందని ఆశపడ్డాను, అంతే. నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు.

ఇక్కడి సంగతులు. నీ రిపోర్టు రాకముందే టైంటేబుల్లోంచి శనివారం తరగతిని కొట్టేశారు. ఆ గడిలో "స్వయం అధ్యయనం" అని పెట్టారు. తెల్లారి శనివారం నేను అలవాటు కొద్దీ వెనక గేటు దగ్గరికి వెళ్ళాను, ఎవరూ ఉండరనే అనుకున్నాను. క్లాసులో సగానికి పైగా నిలబడి ఉన్నారు. హాజరు లేదర్రా, మార్కులు లేవు, పొండి అన్నాను. "స్వయం అధ్యయనం మేడమ్" అన్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని బురద వీధిలో నా ముందే నడిచారు. నాకు ఏడుపొచ్చింది. వాళ్ళకు కనపడకుండా జ్వరం వార్డు వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళాను.

కానీ నాకు భయంగా కూడా ఉంది. ఎందుకమ్మాయిని ప్రిన్సిపాల్ పిలిచి, కంపెనీ దగ్గర కనిపిస్తే కాలేజీలోంచి పంపించేస్తామన్నారు. ఆ పిల్ల "ఎందుకు" అని అడిగిందట. ఆ ధైర్యం నేర్పింది నేనే, రేపు దాని చదువు పోతే నేనేం చెయ్యగలను? కాలర్లక్క మళ్ళీ వార్డులో చేరింది, ఈసారి రక్తం పడుతోంది. మంచం మీదనుంచే, "అమ్మాయి రాసిన చీటీ నాకివ్వండి, తీసుకెళ్ళి ఆ సూపర్‌వైజర్ బల్ల మీద పెడతాను" అంటోంది. ఆమెతో పనిచేసేవాళ్ళూ అడుగుతున్నారు, మాకూ రాసివ్వమని.

ఇక్కడే చిక్కు. విద్యార్థి రాసింది మందుచీటీ కాదు, చిత్తుకాగితం. నేను రాసినా అంతే, నేను వైద్యం చేసే డాక్టర్ని కాదు, పాఠం చెప్పే డాక్టర్ని అంటారు. కిడ్నీల స్పెషలిస్టు సంతకం ఉంటే ఏ సూపర్‌వైజరూ చిత్తుకాగితం అనలేడు. ఎవరో ఒకరు కాదు, మన పరీక్షకు వచ్చిన స్పెషలిస్టు. వాళ్ళందరి పరీక్షల కాగితాలూ దీంతో పంపుతున్నాను. అడుగుతున్నాను, బతిమాలడం లేదు. నువ్వు చెయ్యకపోతే ఇంకొకరిని వెతుకుతాను. తరగతిని మాత్రం ఆపను. ఉద్యోగంలోంచి తీసేసినా ఆపను. వీధుల్లో నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నీ వదిన


పెద్దాసుపత్రి, అయిదో అంతస్తు.
జనవరి

కాలినడక వదినకు,

ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది. మధ్యలో ఆపితే ఊరుకోను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆపరేషన్ అయ్యాక నా పక్కన ఉండే సిస్టర్‌ను అడిగాను, మీరెక్కడికి వెళ్తారని. ఆవిడ నా మొహంలోకి చూసింది, ఎగతాళి అనుకుందేమో. "వెళ్ళం మేడమ్" అంది. "మీరు వెళ్ళడం లేదుగా, మేమెలా అడుగుతాం?" అంది.

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. నేను నిలబడ్డందుకు గర్వపడ్డాను. నేను నిలబడ్డాను గనకే వాళ్ళు నోరెత్తలేకపోయారు. చెక్క స్కేలు కట్టిన తాళంచెవి అక్కర్లేకుండానే నేను ఆ సూపర్‌వైజర్ పని చేశాను.

ఆవిడే చూపించింది. మా అంతస్తులో వరండా చివర ఒక తలుపు ఉంది, నేను రోజూ దాని ముందునుంచే నడుస్తాను. సామాన్ల గది అనుకున్నాను. అది ఈ భవనం కట్టినప్పుడు ఆడవాళ్ళ కోసం పెట్టిన బాత్రూమట. లోపల విరిగిన స్ట్రెచర్లు, ఖాళీ పెట్టెలు కుక్కి తాళం వేశారు. మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. "రిక్వెస్టు పెట్టండి మేడమ్, కమిటీలో చూద్దాం, అంత అర్జెంటా?" అన్నాడు. అర్జెంటా అని అడిగాడు వదినా, పొద్దున్నుంచి నిలబడ్డ ఆడవాళ్ళను పట్టుకుని.

పక్క థియేటర్‌లో ఎముకల డాక్టర్ ఉంటాడు. కాళ్ళలో వేసే స్టీలు కడ్డీలను కత్తిరించే పెద్ద కత్తెర అతని దగ్గర ఉంది. అడిగాను. ఏ రోగికి అన్నాడు. నాకే అన్నాను. సిస్టర్లంతా వరండాలో నిలబడి చూస్తుండగా తాళం కొక్కేన్ని ఆ కత్తెర మధ్య పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. తెగింది. ఇరవై నాలుగేళ్ళుగా ఎన్నో కోశాను గానీ ఇంత తృప్తి ఎప్పుడూ లేదు. మేనేజర్ పరుగెత్తుకొచ్చేసరికి సిస్టర్లు స్ట్రెచర్లు బయటికి లాగుతున్నారు. ఆసుపత్రి ఆస్తి ధ్వంసం చేశానని నాకు మెమో ఇచ్చాడు. జవాబుగా మీ ఎందుకమ్మాయి చీటీ నకలు పెట్టాను. పేషెంటు పేరు దగ్గర నా పేరు రాశాను.

ఇక రిపోర్టు. కాలేజీకి ఒకటి, యూనివర్సిటీకి ఒకటి, నేరుగా పంపాను. మధ్యలో ఎక్కడా ఆగకుండా చూశాను. అందులో ఇలా రాశాను: "ఈ తరగతి వైద్యం కాదని రాయడానికి వచ్చాను. నేను నిపుణురాలిగా ఉన్న జబ్బు నాకే రెండుసార్లు వచ్చింది. కారణం నాకు దొరకలేదు. రెండో సంవత్సరం విద్యార్థినికి పది ప్రశ్నల్లోపే దొరికింది. ఈ తరగతిని తీసేస్తే ఇకమీదట ఈ కాలేజీ పరీక్షలకు నేను రాను. ఎందుకు రానో అడిగిన ప్రతివారికీ చెప్తాను." మీ ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, "ఇలా రాశారేమిటమ్మా" అన్నారు. చూసింది చూసినట్టు రాశానన్నాను.

దీంతో పాటు మందుచీటీల కట్ట పంపుతున్నాను. కాలర్లక్కదీ, ఆమెతో పాటు అడిగినవాళ్ళవీ. నువ్వు పంపిన పరీక్షల కాగితాలన్నీ చూశాకే రాశాను, అబద్ధం ఒక్కటీ లేదు. అన్నిటి మీదా నా సంతకం, నా రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు, ముద్ర ఉన్నాయి. మందు మీ ఎందుకమ్మాయి రాసిందే, మోతాదూ అదే. ఎవడైనా ఇది వైద్యం కాదంటే ఆ ఫోన్ నంబరు చూపించు. ఫోన్‌లో నేను ఎవరినీ మాట్లాడనివ్వనని నీకు తెలుసుగా.

నీ కత్తి


మెడికల్ కాలేజీ, వెనక గేటు పక్క గది.
ఫిబ్రవరి

కత్తి మరదలికి,

ఉత్తరం మధ్యలో ఆపలేదు. రెండోసారి మీ అన్నయ్య చదివారు, తాళం తెగిన చోట ఆగి, ఆ పేరా మళ్ళీ చదివారు. "చిన్నప్పుడు నా జామెట్రీ పెట్టె తాళం కూడా ఇలాగే పగలగొట్టింది" అన్నారు. అంత గర్వంగా ఆయన నా గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

తరగతి సంగతి ముందు. యూనివర్సిటీ వాళ్ళు నీ రిపోర్టు మీద వివరణ అడిగారు. టైంటేబుల్లో మళ్ళీ పెట్టారు. మార్కులు సగానికి కోశారు, అది ప్రిన్సిపాల్ కసి. కొయ్యనీ. మొన్న శనివారం క్లాసు క్లాసంతా వచ్చారు, ఎందుకమ్మాయి అందరికన్నా ముందు. సగం మార్కులకు ఇంత దూరం నడుస్తారేమర్రా అంటే, మిగతా సగం మా సొంతానికి అన్నారు.

ఇప్పుడు కంపెనీ సంగతి. నేను అక్కడ లేను, కాలర్లక్క వచ్చి నా గదిలో కూచుని చెప్పింది. వార్డులోంచి ఇంటికి పంపిన వారానికి పనిలోకి వెళ్ళింది. పొద్దున గంట మోగగానే మిషన్ల ముందు కూచోకుండా ఆడవాళ్ళంతా వరసలో వెళ్ళి, ఒక్కొక్కరే నీ చీటీని సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టారు. అతను మొదటి చీటీ చదివి నవ్వాడట. "ఇదేం మందు?" అన్నాడట.

"పెద్ద డాక్టరు రాసింది. నంబరు కింద ఉంది, ఫోన్ చేసుకో" అందట కాలర్లక్క. "మేం మందు వేసుకోకుండా పడిపోతే ఎవరి పూచీయో ఆవిడనే అడుగు."

అతను రెండోది చదివాడు, మూడోది చదివాడు. నవ్వు పోయింది. యజమానికి ఫోన్ చేశాడు. యజమాని నీకు చేసినట్టున్నాడు, ఏం చెప్పావో గానీ ఆ సాయంత్రానికి తాళం లేదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని రెండు రోజులు అతనే కూచున్నాడట, ఎవరెన్నిసార్లు వెళ్తారో చూడ్డానికి. అందరూ అతని మొహంలోకి చూస్తూ, అవసరం ఉన్నా లేకపోయినా లోపలికి వెళ్ళొచ్చారట. మూడో రోజు కుర్చీ తీసేశాడు.

కాలర్లక్క కొత్తగా నీళ్ళ సీసా కొనుక్కుంది. నాకు తెచ్చి చూపించింది. రోజూ నింపి మిషను మీద, అతనికి కనిపించేట్టు పెట్టుకుంటుంది. మొదటి రోజు మూత తీసి, అతను చూస్తుండగా, సీసా అడుగు కనిపించేదాకా ఆపకుండా తాగిందట. పక్క మిషన్ల వాళ్ళూ తమ సీసాలు ఎత్తారు. ఇన్నేళ్ళలో ఆ హాల్లో గుటకల చప్పుడు వినడం అదే మొదటిసారట.

ఆ సీసాకి జత సీసా ఒకటి కొని నీకు పంపుతున్నాను. థియేటర్ తలుపు బయట బల్ల మీద పెట్టు, మగ డాక్టర్లకు కనిపించేట్టు. మధ్యలో "ఇప్పుడే వస్తాను" అని వెళ్ళు. వెళ్తూ వెళ్తూ సిస్టర్లను కూడా పిలువు.

నీ వదిన